‘టీజింగ్’ అన్న మాట దగ్గర ఏడాది ఆగిపోయాను

ఉద్యోగంలో చేరిన రెండో వారం మీటింగ్ నోట్సు రాసే పని నాకు ఇచ్చారు. ఏదీ వదిలిపెట్టకూడదని ఎవరు ఏమన్నారో మొత్తం రాసి, ఎనిమిది పేజీలు అందరికీ పంపాను. పది నిమిషాల్లో మా టీమ్ లీడ్ నుంచి జవాబొచ్చింది: "యూ మిస్డ్ మై కాఫ్ ఎట్ టెన్ ఫిఫ్టీన్." పదింపావుకు తాను దగ్గింది నా నోట్సులో లేదట. ఆమె పుట్టి పెరిగిందే ఇంగ్లీషులో, నేను పుస్తకాల్లోంచి నేర్చుకున్నదాన్ని. ఆ వాక్యంలో ప్రతి మాటకూ అర్థం తెలుసు. అలా ఎందుకు రాసిందో మాత్రం అంతుపట్టలేదు. నా పనిలో ఏదో లోపం చూపిస్తోందనుకుని క్షమాపణ చెబుతూ మెయిల్ పెట్టాను. వెంటనే మళ్లీ రాసింది: "ఓ నో, ఐ వాజ్ ఓన్లీ టీజింగ్!"

అది చదివాక టెన్షన్ తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. టీజింగ్ అన్న మాట నేను మొదట విన్నది ‘ఈవ్ టీజింగ్’లో. అంటే అమ్మాయిలను వేధించడం, ఫిర్యాదు, పోలీసు కేసు. నా దృష్టిలో అది నేరం పేరు. అలాంటి మాటను ఆమె తన గురించి తానే, పక్కన నవ్వు బొమ్మ పెట్టి మరీ ఎలా చెప్పుకుంటోంది? ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు నిఘంటువు తీశాను. టీజ్ పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఉన్న క్రియ. ముద్దకట్టిన ఉన్నిని లాగి పీచులు విడదీయడం దాని మొదటి అర్థం. నేసిన గుడ్డ మీద నూగు లేపడానికి వాడిన ముళ్ల తలల మొక్కను ఇప్పటికీ టీజల్ అంటారు. ఉన్నిని చింపెయ్యరు, పీచు కదిలేంత లాగుతారు, అంతే. ఈ బొమ్మ మనసులో పడ్డాక ఆమె వాక్యం మరోలా వినిపించింది. వేధింపు అన్న అర్థం మన దగ్గర ఆ మాటకు బలంగా అంటుకుంది. వాళ్లకు అది చాలాసార్లు చనువుకు గుర్తు.

నిజానికి ఇది మనకు తెలియని సంగతేం కాదు. ఆటపట్టించడం వేరు, ఉడికించడం వేరు, ఎగతాళి వేరు, దెప్పిపొడవడం మరీ వేరు. "ఊరికే ఏడిపిస్తున్నానులే" అన్నప్పుడు ఎవరి కంట్లోనూ నీళ్లుండవు. ఈ తేడాలు మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వింటూ పట్టుకున్నాం. ఇంగ్లీషులో ఆ వినికిడి నాకు లేదు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టి, విన్న ప్రతి మాటా ఎవరు ఎవరితో అన్నారో, ఆ తర్వాత ఏమైందో రాసుకోవడం మొదలుపెట్టాను.

ముందు నన్ను తికమకపెట్టింది లెగ్ పుల్లింగ్. మనం దాన్ని ఏ రకం ఆటపట్టింపుకైనా వాడేస్తాం. వాళ్లు "ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?" అంటే, లేనిది ఉన్నట్టు చెప్పి నన్ను నమ్మిస్తున్నావా అని. అబద్ధం ఉండాలి, అది సరదాది అయ్యుండాలి. "ఐయామ్ కిడింగ్" కూడా దాదాపు అదే చోట పనికొస్తుంది. బ్రిటిష్ వాళ్ల వైండింగ్ అప్ మన ఉడికించడానికి బాగా దగ్గర. గడియారానికి కీ ఇచ్చినట్టు ఎదుటివాళ్లకు కోపమో కంగారో ఎక్కించడం. టేకింగ్ ద మిక్కీ (ఎగతాళి చేయడం) కూడా వాళ్లదే, అది ముద్దుగానూ ఉండొచ్చు, మొరటుగానూ ఉండొచ్చు. ఇద్దరూ సమానంగా మాటకు మాట విసురుకుంటే బాంటర్. (ఈ మాట నచ్చని ‘గలివర్స్ ట్రావెల్స్’ రచయిత జొనాథన్ స్విఫ్ట్ దీన్ని ఆపడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించానని 1710లో రాశాడు. మాట మాత్రం నిలిచిపోయింది.) మేకింగ్ ఫన్, మాకింగ్ దగ్గరికి వచ్చేసరికి గాలి మారుతుంది, అవి ఎగతాళి. టాంటింగ్‌లో ఇక సరదా లేదు, రెచ్చగొట్టడమే.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు అర్థం కానిది "ఐయామ్ జస్ట్ గివింగ్ యూ ఎ హార్డ్ టైమ్." నిన్ను కష్టపెడుతున్నానని ఎవరైనా నవ్వుతూ చెబుతారా? చెబుతారు. ‘జస్ట్’ పక్కన ఉంటే అది చాలాసార్లు ‘ఊరికే ఏడిపిస్తున్నాలే’ అనే.

మాటలు నేర్చుకుంటే సగం పని. మిగతా సగం గుర్తుపట్టడం. ఎవరైనా ఆలస్యంగా వస్తే "నైస్ ఆఫ్ యూ టు జాయిన్ అస్" అంటారు. మొహంలో నవ్వుండదు, గొంతు మామూలుగానే ఉంటుంది. దాన్ని మెప్పు అనుకుంటే తప్పు, మందలింపు అనుకున్నా చాలాసార్లు తప్పే. నాకు దొరికిన ఆధారం ఒకటే: జరిగినదానికీ అన్నదానికీ మధ్య దూరం. ఎవరూ నోట్సులో దగ్గు రాయరు కదా. అంత అసాధ్యమైన ఫిర్యాదు చేస్తున్నారంటే అది ఫిర్యాదు కాదన్నమాట. ఆ తర్వాత వాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. అలా ఆగారంటే ఇక జవాబివ్వడం మన వంతు.

ఆ వంతుకు పొడుగు జవాబు అక్కర్లేదని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది. "వెరీ ఫన్నీ" అని నవ్వితే చాలు. తప్పు మనదే అయితే "గిల్టీ" అని ఒప్పుకుంటే ఇంకా బాగుంటుంది. సంజాయిషీ ఇస్తే మాత్రం ఎదుటివాళ్లే ఇబ్బంది పడతారు.

అయితే అన్నిటినీ నవ్వుతూ మింగాలని నేను అనను. ఇంకో టీమ్‌లో ఒకతను ప్రతి కాల్‌లోనూ నా ఉచ్చారణను అనుకరించేవాడు. ఆపమంటే "కాంట్ యూ టేక్ ఎ జోక్?" అన్నాడు. దగ్గు మాటలో గురి నేను ఆరోజు చేసిన పని మీద. ఇతని గురి నేను మార్చుకోలేని దాని మీద. పైగా అతన్ని అలా అనే వీలు నాకు లేదు. "దట్స్ నాట్ టీజింగ్, ప్లీజ్ స్టాప్" అని అందరి ముందే చెప్పాను. ఒకప్పుడు నన్ను భయపెట్టిన మాటనే ఆరోజు నాకు అండగా వాడుకున్నాను. అతను ఆపాడు.

మొన్నటి మీటింగ్‌లో మా లీడ్ అలవాటు ప్రకారం "ఒక్క ఆఖరి ప్రశ్న" అంది. అది ఆరోజుకు మూడో ఆఖరి ప్రశ్న. "ఇది నిజంగా ఆఖరిదా, ఆఖరి ప్రశ్నల్లో మొదటిదా?" అని ఇంగ్లీషులో అడిగాను, గొంతు మామూలుగానే ఉంచి. ఒక్క క్షణం నిశ్శబ్దం. నా గుండె గట్టిగా కొట్టుకుంది. ఆమె కెమెరా వైపు వంగి, "ఇది కూడా నోట్సులో రాయి, టైముతో సహా" అంది.