శ్రోతలకు వీపు పెట్టి వాయించేవాళ్లు

డబ్లిన్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను చెప్పే మొదటి మాట: పాట వినడానికి టెంపుల్ బార్‌కు మాత్రం వెళ్లకండి. లిఫీ నది పక్కన రాళ్లు పరిచిన ఆ ఇరుకు వీధుల్లో మధ్యాహ్నం నుంచే మైకులు మోగుతుంటాయి. ఒక పైంట్ బీరు దాదాపు పది యూరోలు, అంటే మన వెయ్యి రూపాయలు. అంత పోసినా కూర్చోవడానికి చోటుండదు. గిటారు పట్టుకున్న కుర్రాడు కాసేపటికోసారి 'డర్టీ ఓల్డ్ టౌన్' ఎత్తుకుంటాడు. పర్యాటకులు బల్లలు చరుస్తూ గొంతు కలుపుతారు, ఇదే ఐర్లండ్ అనుకుని బసకు వెళ్లిపోతారు. నిజానికి అది ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ పట్టణం గురించి ఇవాన్ మకాల్ 1949లో రాసిన పాట. డబ్లినర్స్, పోగ్స్ బృందాలు పాడాక ఐర్లండ్ సొంతమైంది. పాట ఊరు మారితే నాకేమీ బాధ లేదు. అందులోని మసి, పేదరికం, ఊరి మీది ప్రేమ ఏమీ తగలకుండా పాడి డబ్బు తీసుకోవడం చూస్తే ఒళ్లు మండింది.

జాన్ ఫ్రాన్సిస్ ఫ్లిన్ అనే డబ్లిన్ గాయకుడు 2023లో తెచ్చిన 'లుక్ ఓవర్ ద వాల్, సీ ద స్కై' ఆల్బమ్ ఇదే పాటతో ముగుస్తుంది. బరువైన గొంతుతో, తొందర లేకుండా, ఒక్కో మాటనూ విడిచిపెట్టడం ఇష్టం లేనట్టు పాడతాడు. అతను పాడింది విన్న చెవులతో టెంపుల్ బార్‌లో నిలబడటం కష్టం. సగం గ్లాసు వదిలేసి బయటికి వచ్చేశాను.

మా పిన్ని కూతురు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఉండే శివారు అది. 2025 సెప్టెంబరులో వాళ్లింట్లో దిగాను. కొన్నేళ్లుగా హైదరాబాదులో రాత్రిపూట ఈ ఐరిష్ ఆల్బమ్‌లే వింటున్నాను. అవి పుట్టిన గదులు ఒకసారి చూడాలన్న కోరికతోనే ఈ ప్రయాణం. కోటలు, మ్యూజియాలు, గిన్నిస్ కర్మాగారం మా మరిది గారు శ్రద్ధగా తిప్పి చూపించారు. వాటి గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

స్మిత్‌ఫీల్డ్‌లో ట్రామ్ దిగి, రాళ్లు పరిచిన పొడవైన మైదానం వెంట పైకి నడిస్తే చివర్లో కాబల్‌స్టోన్ పబ్ కనిపిస్తుంది. కార్డు మీద ట్రామ్ ప్రయాణం రెండు యూరోలు. డబ్లిన్‌లో నాకు న్యాయంగా తోచిన ధర అదొక్కటే. లోపల ఒక మూల బల్ల సంగీతకారులకు వదిలేశారు. వేదిక లేదు, మైకు లేదు. బల్ల చుట్టూ గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నారు. సగం మంది వీపులు మనవైపే. ఇంత దూరం వచ్చి వీపులు చూస్తూ నిలబడాలా అని మొదట చిన్నబుచ్చుకున్నాను. కాసేపు గడిచాక సంగతి బోధపడింది. వాళ్లు ఒకరి కోసం ఒకరు వాయించుకుంటున్నారు. మనం పక్కన నిలబడి వింటే కాదనరు.

ఫిడేలు పట్టుకున్న ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక రీల్, అంటే చకచకా సాగే నాట్యపు ట్యూన్, మొదలుపెడుతుంది. తెలిసినవాళ్లు అందుకుంటారు, తెలియనివాళ్లు వాయిద్యం ఒళ్లో పెట్టుకుని వింటారు. రెండు మూడు సార్లు తిరిగాక ఆమె తలెత్తి ఒక చూపు చూస్తుంది. అంతే, అందరూ ఒక్క ఊపులో ఇంకో రీల్‌లోకి దూకుతారు. ఇలా రెండో మూడో ట్యూన్లు కలిపి ఒక వరుస. అయిపోయాక చప్పట్ల కోసం ఎవరూ తల తిప్పరు. గ్లాసు అందుకుని ఆపేసిన కబుర్లు మళ్లీ మొదలుపెడతారు. ఆ ట్యూన్ పేరేమిటని పక్కాయనను అడిగితే, ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నాను గానీ పేరు తెలియదన్నాడు.

నేను ఎక్కువసేపు చూసింది ఇల్లన్ పైప్స్ వాయించే కుర్రాడిని. ఇది స్కాట్లండ్ బ్యాగ్‌పైప్‌లా నిలబడి నోటితో ఊదేది కాదు, కూర్చునే వాయించాలి. ముందు నడుముకూ కుడి మోచేతికీ పట్టీలు బిగించుకున్నాడు. ఆ మోచేతి కింద గాలి కొట్టే తిత్తి, ఎడమ చంకలో గాలి సంచి. తొడ మీద తోలు ముక్క వేసుకుని గొట్టం కొసను దానికి ఆనించాడు. కొస తోలుకు ఆని, వేళ్లన్నీ మూసి ఉంటే శబ్దం ఉండదు. వేలు తీస్తే స్వరం తెగిపడినట్టు వస్తుంది. ఒక మోచేయి గాలి కొడుతుంటే ఇంకోటి నొక్కుతుంది. వేళ్లు ట్యూన్ మీద ఉండగానే మణికట్టు ఒళ్లో అడ్డంగా ఉన్న మీటల మీద వాలి తోడు స్వరాలు పలికిస్తుంది. అడుగున శ్రుతి గొట్టాలు ఆగకుండా మోగుతుంటాయి. ఈ వాయిద్యం దాదాపు చేజారిపోతున్న కాలంలో, 1968లో, పైపర్లు సంఘం పెట్టుకున్నారు. హెన్రియెటా వీధిలో వాళ్లు నడిపే పాఠాల్లోనే తాను నేర్చుకున్నానని ఆ కుర్రాడు చెప్పాడు. 2017లో యునెస్కో దీన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితా సంగతి అతనికి పెద్దగా పట్టినట్టు లేదు. గొట్టంలో పెట్టే రెల్లు నాలుక వాన తేమకు ఎలా మొండికేస్తుందో మాత్రం చాలాసేపు చెప్పాడు.

ఈ పబ్‌ను మింగేలా తొమ్మిది అంతస్తుల హోటల్ కడతామని 2021లో ఒక దరఖాస్తు పడింది. ముందు గది ఉంచి, వెనక భాగం తీసేస్తారన్నారు. సంగీత పాఠాలు, చిన్న కచేరీలు జరిగేది ఆ వెనకనే. జనం ఊరుకోలేదు. శవపేటిక భుజాన వేసుకుని, డబ్లిన్ చచ్చిపోతోందంటూ వాయిద్యాలతో ఊరేగారు. ఆ నవంబరులో నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది. ఆ గదిలో నిలబడి విన్నాక, వాళ్లు కాపాడుకున్నది గోడలను మాత్రమే కాదని గట్టిగా నమ్ముతున్నాను. నేను వినే డబ్లిన్ జానపద బృందం లాంకమ్‌లోని అన్నదమ్ములిద్దరికీ మిగతా ఇద్దరూ పరిచయమైంది ఈ ఊళ్లో ఇలా గుండ్రంగా కూర్చుని వాయించుకునే 'సెషన్ల'లోనే.

ఆ రాత్రి కాన్సర్టీనా అనే చేతిలో ఇమిడే చిన్న తిత్తి వాయిద్యం పట్టుకున్న ఒకామె ఎత్తుకున్న రీల్ నాకు తెలిసిందే: 'మాస్టర్ క్రౌలీస్'. లాంకమ్ 2023 ఆల్బమ్ 'ఫాల్స్ లాంకమ్'లో అది ఉంది. పబ్‌లో కాళ్లు కదిపేలా చకచకా సాగింది. ఆల్బమ్‌లోనూ కాన్సర్టీనాతోనే నడుస్తుంది గానీ, కింద శ్రుతి మందమవుతూ మందమవుతూ వచ్చి ట్యూన్‌ను ముంచేస్తుంది. చివరికి నేల కింద ఏదో పెద్ద యంత్రం తిరుగుతున్నట్టు ఉంటుంది. పాత ట్యూన్‌ను ఇలా చీకట్లోకి లాక్కెళ్లడం పాపమనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. పబ్‌లో దాన్ని సూటిగా వెయ్యిసార్లు వాయించినవాళ్లకే అలా విప్పే హక్కూ ధైర్యమూ వస్తాయి. ఆల్బమ్‌లో నాకు అక్కర్లేదనిపించినవి మధ్య మధ్య వచ్చే మూడు చిన్న వాద్య ఖండాలు. పాటల మీద పట్టిన ఊపిరిని అవి వదిలేయిస్తాయి.

ఆల్బమ్ తెరుచుకునే 'గో డిగ్ మై గ్రేవ్' మాత్రం దాదాపు తొమ్మిది నిమిషాల శోకం. లాంకమ్ గాయని రాడీ పీట్ ఏ వాయిద్యమూ లేకుండా మొదలుపెడుతుంది. సగం దాటాక పాట ఆగిపోయి, దెబ్బ మీద దెబ్బ పడుతూ ఒక రోదన లేస్తుంది. ఐర్లండ్ పల్లెల్లో శవం పక్కన ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే 'కీనింగ్' సంప్రదాయం నుంచి వచ్చిన భాగం అది. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. వీధిలోకి ఒక్కొక్కరే వస్తూ, గుమ్మం ముందు నుంచే శోకాలు పెట్టి, పోయినావిడ గుణగణాలు వరుసలు కట్టి చెప్పి ఏడ్చిన ఆడవాళ్లు. చదువుకున్న మా బంధువులు అప్పుడు వాళ్లను నోరు మూసుకోమన్నారు. ఐర్లండ్‌లో ఆ పని చర్చి చేసింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి కీనింగ్ దాదాపు మాయమైంది.

మెరియన్ స్క్వేర్‌లో 73వ నంబరు ఇంట్లో ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారం ఉంది. 1987లో పెట్టారు. ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు, పైసా తీసుకోరు. అక్కడ అమెరికా జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ 1951లో రికార్డు చేసిన కిటీ గాలహర్ శోకం విన్నాను. డొనెగాల్ ఆడమనిషి, చనిపోయిన బిడ్డ కోసం ఏడ్చే పాట. రాగం పైకి లేచి, అక్కడ నిలవలేక జారిపోతుంది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. హెడ్‌ఫోన్లు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. కొత్త ఆల్బమ్ ఎక్కడి నుంచి ఊపిరి తీసుకుందో అక్కడ తెలిసింది. పాత రికార్డును ఇలా తలుపులు తెరిచి, ఉచితంగా, యువకుల చేతికి అందేలా ఉంచినందుకే ఇవాళ ఆ దేశంలో ఇంత కొత్త పాట పుడుతోంది. మన దగ్గర పల్లె ఆడవాళ్ల గొంతులు ఇలా వినగలిగే గది ఏ ఊళ్లో ఉందని అడిగితే నేను చూపించలేను.

రాడీ పీట్ గొంతు ఇంకోచోట కూడా వినిపిస్తుంది. బెల్‌ఫాస్ట్ ర్యాప్ బృందం నీక్యాప్ 2024లో తెచ్చిన 'ఫైన్ ఆర్ట్' మొదటి పాటలోనే ఆమె ఉంది. ఆల్బమ్ మొత్తం ఒక కల్పిత పబ్‌లో ఒక రాత్రి. చాలావరకు ఐరిష్ భాషలో, అల్లరిగా, బూతులతో. బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఆ భాషకు అధికార హోదా వచ్చింది 2022 చట్టంతోనే. నాకు ఆల్బమ్ సగమే నచ్చింది. కాని ట్రామ్‌లో స్కూలు పిల్లలు ఆ పాటలోని ఐరిష్ మాటలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే సంతోషమేసింది.

డబ్లిన్ అద్దెల సంగతి ఎత్తితే సంగీతకారులందరి ముఖాలూ మారిపోతాయి. కాబల్‌స్టోన్‌లో ఫిడేలు వాయించిన ఆమె వచ్చే ఏడాది ఊరు వదిలేస్తానంది. 2022లో ప్రభుత్వం 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. అర్హులైన దరఖాస్తుదారుల్లోంచి చీటీ తీసినట్టు ఎంపిక చేశారు. ఆమెకు రాలేదు, ఆమె స్నేహితుడికి వచ్చింది. అతను నగరంలో మిగిలాడు.

తర్వాత పడమరకు బయల్దేరాను. గాల్వే నుంచి డూలిన్ వెళ్లే 350 బస్సు ఎక్కాను. కిన్వారా దాటాక బరెన్ మొదలవుతుంది, కొండలన్నీ బూడిదరంగు సున్నపురాయి. కాని నేను కిటికీలోంచి చూసింది తక్కువ. పక్క సీట్లో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, ఎర్ర కోటు, ఒళ్లో బూట్ల సంచి. "ఎక్కడికమ్మా?" అని ఆవిడే అడిగింది. డూలిన్‌కు, సంగీతం కోసం అన్నాను. తాను లిస్డూన్‌వార్నాలో దిగుతానంది. ఆ ఊళ్లో సెప్టెంబరంతా పెళ్లి సంబంధాల తిరునాళ్లు జరుగుతాయి. నా మొహం చూసి నవ్వింది. "పెళ్లికి కాదులే, నాట్యానికి. మా ఆయన ఉన్నప్పుడూ వచ్చేవాళ్లం, ఇప్పుడూ వస్తున్నాను. మా అన్న ఫిడేలు చాలా గొప్పగా వాయిస్తాడు. కాని శనివారం రాత్రి మేం వెళ్లేది మాత్రం కంట్రీ పాటలకే."

నాకు ఇది కొత్త విషయం. ఐరిష్ సంగీతం మీద నేను చదివిన వ్యాసాల్లో పైపులు, ఫిడేళ్లు, పంక్ కుర్రాళ్లు, ర్యాపర్లు ఉంటారు. అమెరికా బాణీ కంట్రీ పాటలకు హాళ్లు నిండా జోడీలు కట్టి తిరిగే ఈ పల్లె జనం ఉండరు. రాసేవాళ్లు వీళ్ల ఇష్టాన్ని మోటని పక్కన పెట్టేశారు. దాన్ని సిగ్గుపడకుండా నెత్తిన పెట్టుకున్నది సీమ్యాట్ అనే మీత్ కౌంటీ గాయని. ఆమె ఆల్బమ్ 'యూరో-కంట్రీ' ఆ ఆగస్టు చివర్లోనే వచ్చింది. అట్ట మీది ఫౌంటెన్ బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్‌ది. మా చెల్లెలు వారం వారం సరుకులకు వెళ్లే చోటు అది. అట్ట చూపిస్తే నమ్మలేదు, ఫోను లాక్కుని పెద్దది చేసి చూసింది.

పెద్దావిడకు ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. ఆల్బమ్ పేరే పెట్టిన పాట ఐరిష్‌లో మొదలవుతుంటే తల ఊపింది. కాసేపటికి అదే పాట 2008 ఆర్థిక పతనానికి వస్తుంది. తన పన్నెండేళ్ల వయసులో చుట్టుపక్కల తండ్రులు ఆత్మహత్యలు చేసుకోవడం చూసిన సంగతి సీమ్యాట్ సూటిగా పాడుతుంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "మా ఊళ్లోనూ జరిగింది. ఇళ్లు కట్టే మేస్త్రీ. మా అబ్బాయి స్నేహితుడి తండ్రి. సగం కట్టిన ఇళ్లు ఊరి చివర ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. దీని మీద పాట ఉందని ఎవరూ చెప్పలేదే" అంది. మళ్లీ పెట్టమంది. బల్లీవాన్ అనే ఊరి నుంచి కొండ ఎక్కేదాకా ఆ ఒక్క పాటే విన్నాం. లాంకమ్‌ది ఎంత గొప్ప ఆల్బమైనా ఆ బస్సులో దాన్ని పెట్టి ఉంటే ఆవిడ మర్యాదకు విని ఊరుకునేది. నేను ఆ ఏడాది విన్నవాటిలో 'యూరో-కంట్రీ'ని పైన పెడతాను. కొన్ని పాటలు మరీ తళుకుగా ఉన్నా సరే.

లిస్డూన్‌వార్నాలో ఆవిడతోపాటు నేనూ దిగిపోయాను. హాల్లో కీబోర్డు, గిటారు, యంత్రం వేసే తాళం. ఇంట్లో అయితే నేను ఆ సంగీతాన్ని నిమిషం వినను. ఆవిడ బూట్లు మార్చుకుని, ఎనభై ఏళ్ల పెద్దాయనతో గిర్రున తిరిగింది. పక్కనే ఇరవై ఏళ్ల పిల్లలూ అవే అడుగులు వేస్తున్నారు. ఎవరి అడుగూ తప్పడం లేదు. రెండో పాటకు ఆయన్ను నాకు అప్పగించి, కుడి కాలు ముందు పెట్టమంది. నేల మీద పొడి చల్లి నున్నగా చేశారు, చెప్పులు జారుతున్నాయి. డూలిన్ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. టాక్సీకి ఎంతవుతుందో గుమ్మం దగ్గర కనుక్కున్నాను, మాటాడకుండా లోపలికి వచ్చేశాను. వాయించేవాళ్లు అప్పటికే ఇంకో పాట ఎత్తుకున్నారు.