జుబైల్ నుంచి రియాద్ ఎంత దూరం?

సౌదీలో జుబైల్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో నేను టైమ్‌కీపర్‌ని. హాజరు రాయడం పేరుకే. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల వైపు పిల్లలకు కాగితాల పని ఏది పడ్డా నా రూముకే వస్తారు. అందుకే ఎంబసీల వార్త ఏది కనబడినా వదలను. ఆస్ట్రేలియాలోని లోవీ ఇన్‌స్టిట్యూట్ 2024 లెక్కలో చైనాకు బయటి దేశాల్లో 274 దౌత్య కార్యాలయాలు ఉన్నాయి, అమెరికాకు 271, మనకు 194. సరే, మంచిదే. కానీ మా క్యాంపులో ఎవరికైనా కష్టం వస్తే ఆ 194లో పనికొచ్చేది ఒక్కటే, అదెక్కడుందన్నదే అసలు ప్రశ్న.

సౌదీలో మనవాళ్లు 20 లక్షలకు పైనే. కార్యాలయాలు రెండు. రియాద్‌లో ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్. మక్కా, మదీనా, తబూక్, అభా, జిజాన్ జెద్దా కిందికి వస్తాయి. దమ్మామ్, ఖోబర్, జుబైల్ రియాద్ కింద. జెద్దాలో కాన్సులేట్ ఉండటానికి హజ్ ఒక్కటే చాలిన కారణం. పైగా 1980ల దాకా దేశాల ఎంబసీలన్నీ జెద్దాలోనే ఉండేవి, తర్వాతే రియాద్‌కు మారాయి. ఇక మా తూర్పు వైపు చమురు బావులు, రిఫైనరీలు, పోర్టులు. వాటి నిండా మన కూలీలే. మన ఎంబసీ మాత్రం దమ్మామ్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు.

అమెరికాను చూడండి. చమురు ఎక్కడుందో కనిపెట్టి, 1944లోనే దమ్మామ్ పక్కన దహ్రాన్‌లో కాన్సులేట్ తెరిచింది. మనకు అక్కడ చమురు కంపెనీ లేదు, మనుషులున్నారు. ఆ లెక్కన మనకే ముందు ఉండాల్సింది. ఢిల్లీ ఒక్కటే అనుకుంటే అయిపోదు, నిజమే. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం కాన్సులేట్ ఏ ఊళ్లో పెట్టాలి, దాని కిందికి ఏ ప్రాంతాలు రావాలి అన్నదానికి ఆ దేశం కూడా ఒప్పుకోవాలి. అయినా గట్టిగా అడగాల్సింది మనమే కదా. దుబాయ్‌లో మన కాన్సులేట్ ఉంది. అమెరికాలో వాషింగ్టన్ ఎంబసీ కాక న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా ఉండగా 2023లో సియాటిల్ కూడా వచ్చింది. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు హ్యూస్టన్ దూరమని నాతో మొత్తుకుంటాడు. వాడికి కారుంది, లైసెన్సుంది, చెల్లే వీసా ఉంది.

ఇక్కడ దూరమంటే వేరు. పాస్‌పోర్ట్ రెన్యూవల్‌తో పెద్ద తిప్పలు లేవు, దగ్గర్లోని ఏజెన్సీ సెంటర్లో అయిపోతుంది. చిక్కంతా కఫీల్ హురూబ్ పెట్టినోళ్లకు. అంటే పని వదిలి పారిపోయాడని యజమాని కంప్లైంట్ ఇస్తాడు, ఆ తర్వాత ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, చెల్లకుండా పోతుంది. మా పక్క క్యాంపులో కరీంనగర్ వైపు పిల్లగాడు ఒకడు అలాగే ఇరుక్కున్నాడు. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంది. ఇంటికి పోవాలంటే పాస్‌పోర్ట్ బదులు ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం, ఔట్‌పాస్ కావాలి. ఎంబసీ రియాద్‌లో. రైలు టికెట్టుకు ఇఖామా అడుగుతారు, రోడ్డు మీద పోతే చెక్‌పోస్టులు. "అన్నా, కాగితం కోసం పోతే కాగితం లేదని పడతరు గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఎంబసీ వాళ్లు దమ్మామ్ వైపు వచ్చి అర్జీలు తీసుకునే రోజు దాకా ఆగి, ఒక మలయాళీ వాలంటీర్ వెంట పంపాం. ఎంబసీ వాళ్లతో కలిసి పనిచేసే ఇలాంటి సోషల్ వర్కర్లలో మలయాళీలే ఎక్కువ. మనవాళ్లు సంఘాలు బాగానే పెడతారు, తర్హీల్ (దేశం నుంచి పంపించేవాళ్లను ఉంచే కేంద్రం) గేటు దగ్గర ఎండలో నిలబడటానికి మాత్రం దొరకరు.

చావు కాగితాలు ఇంకో లోకం. పోలీసు రిపోర్టు, ఆస్పత్రి రిపోర్టు, అహ్వాల్ (జనన మరణాలు నమోదు చేసే ఆఫీసు) నుంచి డెత్ సర్టిఫికెట్, జవాజాత్‌లో (పాస్‌పోర్ట్ శాఖ) ఎగ్జిట్, పార్థివదేహం చెడకుండా చేసినట్టు సర్టిఫికెట్, ఆ తర్వాత కార్గో బుకింగ్. మధ్యలో ఎంబసీ పాస్‌పోర్ట్ రద్దు చేసి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్ఓసీ) ఇవ్వాలి. డబ్బు కట్టేవాళ్లు ఎవరూ లేకపోతే 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. మనం పాస్‌పోర్ట్‌కో అటెస్టేషన్‌కో కట్టే ఫీజుతో పాటు దానికీ కొంత పోతుంది. అది మన డబ్బే కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

వీటన్నిటికంటే ముందు ఊరి నుంచి ఒక కాగితం రావాలి, చాలాసార్లు ఆలస్యమంతా అక్కడే. వారసులు నోటరీ చేయించి పంపే పత్రంలో ఇక్కడ ఎవరికి అధికారం ఇస్తున్నారో ఆయన పేరు, ఇఖామా నంబరు ఉండాలి. దేహాన్ని ఇంటికి పంపాలా, ఇక్కడే ఖననం చేయాలా అన్నది స్పష్టంగా రాయాలి. భార్య ఒకమాట, అన్నదమ్ములు ఒకమాట చెప్తే ఫైలు కదలదు. ఊళ్లో ఉన్నోళ్లకు నేను చెప్పేదొకటే. మీవాడి పాస్‌పోర్ట్, ఇఖామా, కంపెనీ పేరు, అదే రూములో ఉండే ఒకరి ఫోన్ నంబరు ఇవాళే తెప్పించుకొని వాట్సాప్‌లో కాదు, కాగితం మీద దాచుకోండి.