సెల్ఫ్ కొడుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు

అమ్మ కంటి పరీక్ష నిన్ననే అయిపోయింది. ఇవాళ తనను పెద్దవూరలో దింపి, చీకటి పడేలోపు నల్గొండ వచ్చేద్దామనుకున్నాను. కనగల్ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, వాటి అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగం రోడ్డు కోసం నాకూ ఎదురొచ్చే లారీలకూ బేరాలు. హాలియా చేరేసరికి మధ్యాహ్నమైంది. చాయ్ తాగి వచ్చి కారు తాళం తిప్పితే సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు.

"పెట్రోల్ ఉందో లేదో చూడు బిడ్డా" అంది అమ్మ వెనక సీట్లోంచి. సగం ట్యాంకు ఉంది. ఆ తర్వాత వచ్చిన సలహాలన్నిటికన్నా ఈ ప్రశ్నే పద్ధతిగా ఉంది.

హోటల్ ముందు కూర్చున్నవాళ్లలో ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు. ఇంకొకాయన తోద్దాం పట్టండంటూ లేచాడు. మూడో ఆయన "అంతా ఇథనాల్ మహిమ మేడం" అని తేల్చేశాడు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైనప్పటి నుంచి బండి దగ్గినా తుమ్మినా నేరం దాని మీదికే పోతోంది. నాకు ఒళ్లు మండింది మాత్రం బ్యాటరీ మాటకే. పోయిన ఎండాకాలంలోనూ ఇదే వరస. వేడి మీద ఆపితే స్టార్ట్ కాదు, కాసేపాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చూపిస్తే గ్యారేజీలో బ్యాటరీ మార్చి పంపారు. బ్యాటరీ దిగిపోతే సెల్ఫ్ మూలుగుతుంది, లేదంటే టక్ టక్‌మని ఆగిపోతుంది, ఇంత హుషారుగా ఎందుకు తిరుగుతుంది? తోయడమూ అంతే. తోసేది ఇంజన్ తిరగడానికి, ఆ పని సెల్ఫ్ ఎలాగూ చేస్తోంది.

హోటలాయన ఫోన్ చేస్తే మెకానిక్ బైక్ మీద వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. వచ్చీరాగానే బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

"అక్కా, తాళం ఆన్ చెయ్, సెల్ఫ్ కొట్టకు. అందరు జర సప్పుడు చెయ్యకుండ్రి."

వెనక డోర్ తీసి, అమ్మను కొంచెం జరగమని, సీటు దగ్గర చెవి పెట్టాడు. జుయ్‌మని రెండు సెకన్లు మోగి ఆగింది. ట్యాంకులోని పెట్రోల్ పంపు అది. తాళం ఆన్ కాగానే లైనులో ప్రెషర్ నింపుతుందట, ఇంజన్ తిరుగుతున్న కబురు అందకపోతే ఆగిపోతుందట. ఆ చప్పుడే రాకుంటే ముందు ఫ్యూజు, తర్వాత పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే చూసేవాడినన్నాడు. రిలే మీద అనుమానం వస్తే దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు, అదే రకం రిలే హారన్‌కు ఉంటే దాన్ని పీకి ఇక్కడ పెట్టి చూడటమే. మీటర్లో తాళం బొమ్మ లైటు ఆరిందా అని కూడా అడిగాడు. ఆరింది. అది కొట్టుకుంటూ ఉంటే బండి తాళాన్ని గుర్తుపట్టలేదని అర్థం, అప్పుడు ఎంత సెల్ఫ్ కొట్టినా దండగే.

తర్వాత నన్ను సెల్ఫ్ కొట్టమని, తను మీటర్ వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఆర్పీఎం ముల్లు చూడక్కా, సున్న మీదికెల్లి లేస్తలేదు." సెల్ఫ్ తిప్పేటప్పుడు ఇంజన్ నిమిషానికి 200 చుట్ల దాకా తిరుగుతుంది. చాలా బండ్లలో ముల్లు ఆ మాత్రానికే కాస్త కదులుతుందట.

అప్పుడు ఎత్తాడు బానెట్. ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ ఒకటి పీకి, సంచిలోంచి తన స్పార్క్ ప్లగ్ తీసి దానికి తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాడు. నిప్పురవ్వ రాలేదు. సైలెన్సర్ దగ్గరికి పోయి వాసన చూశాడు. ఇంతసేపు సెల్ఫ్ కొట్టినా పెట్రోల్ వాసన లేదు. అంటే ఇంజెక్టర్లూ చిమ్మడం లేదు.

"నిప్పు లేదు, పెట్రోల్ లేదు. రెండు ఒక్కపారే ఎట్ల పోతయక్కా? రెండిటికి ఆర్డరిచ్చేటోని కాడనే ఉంది తిరకాసు."

ఇవాళ్టి మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే. ప్లగ్గులు మార్చి చూద్దాం, పంపు మార్చి చూద్దాం అని ఒక్కొక్క సామానూ కొనిపించేవాళ్లనే ఇన్నాళ్లూ చూశాను.

క్రాంక్ సెన్సార్ అని ఒకటుంటుంది. ఇంజన్ ఇరుసుతో, అంటే క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రాన్ని కనిపెట్టి, ఇంజన్ ఎక్కడ ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో బండిలోని కంప్యూటర్‌కు చెబుతుంది. అది నోరు మూసుకుంటే కంప్యూటర్ లెక్కలో ఇంజన్ తిరగనట్టే. ఇక నిప్పు ఎప్పుడు ఇవ్వాలి, పెట్రోల్ ఎప్పుడు వదలాలి? వేడికి ఇందులోని సన్నటి తీగచుట్ట ఎక్కడో విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. బండి ఆపాక నీళ్ల సర్క్యులేషన్ ఆగిపోయి ఇంజన్ వేడి అక్కడే మగ్గుతుంది కాబట్టి, దారంతా బాగానే నడిచి చాయ్ దగ్గర మొరాయించడం దీని అలవాటట.

ఎవరో నాయకుడి పాత ఫ్లెక్సీ పరుచుకుని బండి కిందికి దూరాడు. సెన్సార్ కనెక్టర్ ఊడదీసి రెండు పిన్నులకూ తన కరెంటు మీటర్ పెడితే తీగ తెగినట్టే చూపించింది. తడిబట్ట చుట్టి, హోటల్ నుంచి చల్లనీళ్లు తెప్పించి కొంచెం కొంచెం పోశాడు. కాసేపటికి ఆ మీటర్లో 900 ఓమ్‌ల పైన అంకె వచ్చి నిలబడింది, అంటే తీగ మళ్లీ కలిసింది. రెండు వైర్ల సెన్సార్ కాబట్టి ఇలా తేలింది, మూడు వైర్లదైతే ఓమ్‌లు కొలిచి లాభం లేదన్నాడు. కనెక్టర్ పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే ఇంజన్ వెంటనే అందుకుంది. ఇథనాల్ ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

ఇక పోదామంటే మెకానిక్ వద్దన్నాడు. నడుస్తుండగా కూడా ఆగిపోవచ్చు, సాగర్ రోడ్డు మీద వెనక లారీ ఉంటే ఏంగాను? సెన్సార్ హాలియాలో దొరకలేదు, మిర్యాలగూడ నుంచి తెప్పించాలి. అమ్మ ఇదంతా విని, సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి అతని చేతిలో పెట్టి, ఆర్టీసీ బస్సెక్కేసింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, నాకన్నా చాలా ముందే ఇల్లు చేరింది.

సామాను వచ్చి బిగించేసరికి పొద్దు వాలింది. ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్‌ను వేడెక్కించి, ఆపి, చాయ్ తాగేంత సేపు ఆగి, మళ్లీ కొట్టించాడు. ముల్లు లేచింది, ఇంజన్ అందుకుంది. సెన్సార్ ఖరీదు పోను చేతికూలి 500 అడిగాడు. ఇచ్చి, నంబరు రాసుకుని బయల్దేరాను. ఈ రాత్రికి పెద్దవూరలోనే, రేపు పొద్దున్నే నల్గొండ.