గుహల చుట్టూ ముడతలు, రాడార్ ఎత్తులు: నా అనుభవం

గుహల చుట్టూ రాతి పొరలు ఎటు వంగాయో నేల ఎత్తుల డేటాతో గుర్తించిన మా రిపోర్టుకు మొత్తానికి నిన్న ఆమోదం వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

డేటా దొరకడం పెద్ద పనేం కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎమ్ ఎత్తులు దాదాపు 30 మీటర్ల గడితో ఉచితంగా దొరుకుతాయి. ముందు మీటర్లలో ఉండే ప్రొజెక్షన్‌లోకి (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచే పద్ధతి) మార్చుకోండి. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లోనే వదిలేసి స్లోప్ (నేల వాలు) లెక్కిస్తే మామూలు నేల కూడా నిలువు గోడలా వస్తుంది. హిల్‌షేడ్‌కి, అంటే ఎత్తుపల్లాలను వెలుగునీడలతో చూపే బొమ్మకి, ఒకే దిక్కు వెలుగు చాలదు. వాయవ్యం నుంచి వెలుగు వేస్తే, అదే దిక్కుగా సాగే గట్లు సరిగా కనబడవు.

అసలు నరకం రివ్యూ మీటింగులో చూశాను. మా గుహలన్నీ ఒక పొడవాటి లోయ వెంబడి సున్నపురాయిలో ఉన్నాయి. ఆ లోయను నేను యాంటిక్లైన్‌గా, అంటే పొరలు పైకి వంగిన ముడతగా గుర్తించాను. సింక్లైన్ దీనికి తిరగేసినది, పొరలు కిందికి వంగిన ముడత. ఒక సీనియర్ మ్యాపు చూసి, "లోయంటే సింక్లైన్ కదమ్మా! కంప్యూటర్ ముందు కూర్చుని జియాలజీ చేస్తే ఇంతే" అన్నారు. గదంతా నవ్వులు. తలెత్తలేకపోయాను. రిపోర్టు వెనక్కి వచ్చేసింది.

పొరలు పైకి వంగినప్పుడు శిఖరం దగ్గర రాయి సాగి పగుళ్లిస్తుంది. నీళ్లు అక్కడే దిగుతాయి. పైనున్న గట్టి పొర తెగితే లోపలి మెత్తటి పొర త్వరగా కోసుకుపోయి, శిఖరమే లోయగా మారుతుంది. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతే.

ఈసారి బొమ్మలు పక్కన పెట్టి అంకెలు పట్టుకెళ్లాను. తూర్పు గట్టు మీద ఒకే పొరపై 540 మీటర్ల ఎత్తులో రెండు బిందువులు తీసుకున్నాను. వాటిని కలిపే గీతే పొర సాగే దిక్కు. అదే పొర ఆ గీతకు లంబంగా తూర్పుకు 900 మీటర్ల దూరంలో, 380 మీటర్ల ఎత్తున మళ్లీ దొరికింది. ఎత్తు తేడా 160ని 900తో భాగించి కోణంగా మారిస్తే వాలు సుమారు 10 డిగ్రీలు, తూర్పుకి. పడమటి గట్టు మీద అదే లెక్క చేస్తే వాలు పడమటికి వచ్చింది. రెండు పక్కలా పొరలు లోయ నుంచి బయటికి దిగుతుంటే అది సింక్లైన్ ఎలా అవుతుంది? గుహల్లోని పొడవైన దారులు కూడా ముడత అక్షం వెంటే సాగాయి. అదే సీనియర్ కాగితాలు తిప్పి చూసి, మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు. ఆ గదిలో వాలు లెక్కగట్టి చూపింది నేనొక్కదాన్నే. హోదా ఉన్నవాళ్లు నవ్వే ముందు ఒక్క పొరనైనా కొలిచి చూడాలి.

బిందువులు దూరదూరంగా తీసుకోండి, ఈ ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. దట్టమైన అడవుంటే రాడార్ ఎత్తులో చెట్ల ఎత్తు కూడా కలుస్తుంది. ఎత్తుల డేటాలోని గుంటలను పూడ్చేసే 'ఫిల్ సింక్స్' టూల్ మాత్రం నడపకండి. ట్రైనింగుల్లో కళ్లు మూసుకుని అదే మొదటి మెట్టుగా నేర్పిస్తున్నారు. సున్నపురాయి నేలలో ఆ గుంటలు డేటా తప్పులు కావు, నీళ్లు భూమిలోకి దిగే నిజమైన కుంగుళ్లు. వాగుల లెక్కకు తప్పదనుకుంటే దానికి వేరే కాపీ పెట్టుకోండి.