పాత విమానం తలుపు కిటికీ జరగకపోతే
పాత చిన్న విమానాల తలుపు కిటికీ బిగుసుకుపోతే అందరూ అద్దాన్నే అనుమానిస్తారు. అసలు దొంగ అద్దం జరిగే కింది గాడి. అందులోని ఫెల్టు (ఒత్తిన ఉన్ని పట్టీ) నీళ్లు, దుమ్ము పీల్చి ఉబ్బుతుంది. దాని కింద అల్యూమినియానికి తెల్లటి తుప్పు పడుతుంది. ఫెల్టు గుంజేసి, తుప్పు గీకి, నీళ్లు పోయే రంధ్రాలు తెరిచాకే కొత్తది అంటించాలి.

అద్దంగా వాడే అక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) షీటును గాడికి సరిగ్గా సరిపోయేలా కోయొద్దు. 500 మి.మీ. ముక్క 30 డిగ్రీల తేడాకే సుమారు 1 మి.మీ. సాగుతుంది. వరంగల్‌లో జనవరి పొద్దుగాల బిగించింది మే ఎండకు కదిలితే ఒట్టు! పిడి స్క్రూ రంధ్రమూ కాస్త వదులుండాలి. డ్రిల్ బిట్ అంచు మొద్దు చేయకపోతే షీటును కొరికి చీలుస్తుంది.

పెయింటు థిన్నర్ తగిలితే షీటుపై సన్నటి పగుళ్లు లేస్తాయి. తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ చాలు. గాడిలో గ్రీజు అసలే వద్దు, చల్క (ఎర్ర ఇసుక) నేలల దుమ్మంతా అక్కడే ముద్ద కడుతుంది.