పొడిగా ఉన్న డైపరు

పద్నాలుగు నెలల పిల్లవాడికి రెండు రోజులు అన్నం పెట్టలేదు నేను. ఇంట్లో లేక కాదు, మరచిపోయీ కాదు. పెట్టకూడదని అందరూ చెప్తే విన్నాను.

2025 మే నెలలో మా పిన్ని కూతురి పెళ్ళికి తెనాలి వెళ్ళాం. పెళ్ళయిన మర్నాడు బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఆరుసార్లు, ఉత్త నీళ్ళే. ఆపైన వాంతులు. పెళ్ళివారిల్లు కదా, సలహాలకు కొదవేముంది? పళ్ళు వస్తున్నాయిలే అన్నారు ఒకరు. దిష్టి అంటూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేశారు ఇంకొకరు. మా పెద్దమ్మ మాత్రం ఏకంగా తీర్పు చెప్పేసింది: "లంఖణం పరమౌషధం. కడుపుకు విశ్రాంతి ఇవ్వవే. పాలు కూడా ఆపు, తాగినకొద్దీ పారుతుంది."

పెద్దమ్మ ఐదుగురిని పెంచింది. నాకు వీడొక్కడే. ఎదురు చెప్పలేకపోయాను. పాల కోసం నా పైట పట్టుకుని లాగుతుంటే ఒక్కొక్క వేలూ విడదీసి వాణ్ణి మా వారి చేతికి ఇచ్చాను. ఆ తర్వాత జరిగినవన్నీ ఒక ఎత్తు, ఆ వేళ్ళు విడదీయడం ఒక ఎత్తు.

మా వారు మందుల దుకాణానికి వెళ్ళి, ఒంట్లోంచి పోయిన నీళ్ళూ లవణాలూ తిరిగి నింపే ఓఆర్ఎస్ అడిగితే పండ్ల బొమ్మలున్న అట్టడబ్బా ఇచ్చారు. దాని మీద ఆ మూడక్షరాలు పెద్దగానే ఉన్నాయి. తియ్యగా ఉందేమో, వాడు గటగటా తాగేశాడు. హమ్మయ్య అనుకున్నాం. గంట తిరగకుండానే విరేచనాలు రెట్టింపయ్యాయి. మళ్ళీ అదే పట్టాం.

రెండో రోజు సాయంత్రానికి కాస్త తెరిపి ఇచ్చినట్టు అనిపించింది. ఏడుపు కూడా తగ్గింది. రాత్రి తొమ్మిదింటికి డైపరు మార్చి పడుకోబెట్టాను. పన్నెండింటికి ఫోను వెలుతురులో చూస్తే పొడిగా ఉంది. రెండింటికీ పొడిగానే ఉంది. నేనేం చేశానో చెప్పనా? మా వారిని తట్టి లేపి, "తగ్గిపోయిందండీ" అన్నాను. మంగళగిరి పానకాల స్వామికి మనసులోనే దండం పెట్టుకుని పడుకున్నాను.

మూడు గంటలకు మంచినీళ్ళకు లేచిన మా అమ్మ వాడి తల నిమిరి, చెయ్యి అక్కడే ఆపేసింది. "మాడు గుంట పడిందే" అంది. లైటు వేశాం. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. లేపితే ఏడ్చాడు కానీ కళ్ళలో చుక్క నీరు లేదు. శబ్దం కూడా పిల్లి కూనలా ఎక్కడి నుంచో వచ్చింది. డైపరు పొడిగా ఉన్నది తగ్గిపోయి కాదు, ఒంట్లో ఉచ్చ పోయడానికి కూడా నీళ్ళు మిగలక. ఆరు గంటల పాటు నా బిడ్డ ఎండిపోతుంటే నేను సంబరపడ్డాను.

గుంటూరు దాకా కారులో ఎవరం మాట్లాడుకోలేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. తడిగుడ్డను పట్టి లేపినట్టు ఆ మడత అలాగే నిలబడి, నింపాదిగా దిగింది. అతను నా వైపు చూడకుండానే, "ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే మా దాకా తెచ్చే పనే ఉండేది కాదు" అన్నాడు. అన్నది నిజమే కావచ్చు. సెలైను సూది గుచ్చింది కూడా ఆ చేతులే, ఒక్క ప్రయత్నంలో నరం దొరకబుచ్చుకున్నాడు. అందుకు రుణపడి ఉంటాను. ఆ మాటను మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.

ఉదయం వచ్చిన పెద్ద డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తిన్నాడమ్మా?" ఏమీ పెట్టలేదన్నాను. ఆయన కోప్పడలేదు. "విరేచనం అయ్యేటప్పుడే తిండి ఎక్కువ కావాలి. పేగు లోపలి పొర మళ్ళీ పెరగాలంటే దానికీ అన్నం ఉండాలిగా" అని, ముందు పాలివ్వమన్నారు. రెండు రోజుల తర్వాత వాడు పట్టుకుంటే నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఓఆర్ఎస్ ఎలా పట్టాలో నేర్పింది ఒక నర్సమ్మ. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అదీ స్పూనుతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా. నాకు చెయ్యి వణుకుతుంటే ఆవిడే స్పూను పట్టుకుని అరగంట కూర్చుంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

ఇంటికి వచ్చాక మెత్తగా పిసికిన పెరుగన్నం, పెసరపప్పు వేసి జారుగా వండిన కిచిడీ, అరటిపండు, ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ పెట్టాను. అన్నంలో ఒక చెంచా నూనో నెయ్యో కలపమంటే భయపడ్డాను కానీ ఏమీ కాలేదు. పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు, గ్లూకోజు పొడి వద్దన్నారు. జింకు 20 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకొకటి, 14 రోజులు. విరేచనాలు నాలుగో రోజే ఆగినా బిళ్ళ ఆపలేదు. రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా తినిపించాను. పిల్లలున్నవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: విరేచనాల లెక్క కాదు, ఉచ్చ లెక్క చూడండి. మలంలో రక్తం పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా ఇంట్లో ఉండవద్దు.

జూన్‌లో మంగళగిరి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. పోసిన పానకంలో సగమే పుచ్చుకుని సగం తిరిగి ఇస్తాడంటారు స్వామి. నాకు మొత్తం తిరిగి ఇచ్చాడు.

అక్టోబరులో పేపరు చూసి మళ్ళీ ఒళ్ళు మండింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) సూత్రం ప్రకారం లేని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించిందట. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే గానీ ఆ పని జరగలేదు. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. అట్టడబ్బా పానీయంలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత చక్కెర పేగులోకి నీళ్ళు లాగుతుంది. మేము డబ్బు పెట్టి కొని, ముద్దు చేసి మరీ తాగించింది అది. ఆ డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కాలి. అంతకాలం అమ్మనిచ్చిన వాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.

పెద్దమ్మతో ఆ తర్వాత సరిగా మాట్లాడలేదు. మొన్న తనే ఫోను చేసింది. మునిమనవడికి విరేచనాలట. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది: "ఏమే, వాడికి అన్నం పెట్టవచ్చా?"

కుక్కరుకు ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి, పెరుగు కలిపి మెత్తగా పిసకమన్నాను.