30 వేలలో మొదటి కెమెరా: ఉప్పుగాలి ఊళ్లో ఎలా కొనాలి, ఎలా దాచాలి

మద్దిలపాలెంలోనో ఎంవీపీ కాలనీలోనో రూమ్ తీసుకుని చదువుకుంటున్నవాళ్లు కెమెరా కొందామనుకోగానే ముందు అడిగేది "ఏ మోడల్ మంచిది?" అనే. విశాఖలో ఉంటే ఆ ప్రశ్న మూడోది కావాలి. మొదటి ప్రశ్న ఏ లెన్స్ అన్నది. రెండోది, ఈ గాలిలో దాన్ని ఎక్కడ దాస్తారన్నది. బాడీ (లెన్స్ తీసేశాక మిగిలే కెమెరా) సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. బడ్జెట్ 30,000 దాటనప్పుడు బాడీ మీద ఎక్కువ పెట్టిన ప్రతి వెయ్యీ లెన్స్‌కి పెట్టాల్సినదాంట్లోంచో, తేమ చేరనివ్వని డ్రై బాక్స్‌కి పెట్టాల్సినదాంట్లోంచో పోతుంది. సముద్రం పక్కన ఉంటూ ఆ రెండింటి దగ్గర పిసినారితనం చేస్తే కొన్నది ఎక్కువ కాలం నిలవదు.

లెక్క ఇలా వేసుకోండి. సెకండ్‌హ్యాండ్ బాడీ, 18-55 ఎంఎం కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే మామూలు జూమ్ లెన్స్) కలిపి 18,000. సెకండ్‌హ్యాండ్ ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) ఒకటి 6,500. రెండో బ్యాటరీకి 1,200, మెమరీ కార్డుకి 1,000. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు కలిపి 1,200. బ్లోయర్ (గాలి ఊది ధూళి పోగొట్టే రబ్బరు బుడ్డి), మైక్రోఫైబర్ గుడ్డలకు 600. మొత్తం 28,500. మిగతా 1,500 కదపకండి, ఏదో ఒకరోజు సెన్సర్ క్లీనింగ్‌కి అవసరం పడుతుంది. ఇవి మీరు పెట్టుకోవాల్సిన పైహద్దులు. మార్కెట్ ధర ఊరికో రకంగా, నెలకో రకంగా మారుతుంది కాబట్టి అంతకంటే తక్కువలో దొరికితే ఆ మిగులు లెన్స్‌కే వేయండి.

లెన్స్ ముందు అని ఎందుకంటున్నామో ఒక ఉదాహరణలో చూద్దాం. కాలేజీ ఫెస్ట్, ఆడిటోరియంలో లైటు అంతంతమాత్రం. కిట్ లెన్స్‌ని 55 ఎంఎం దాకా జూమ్ చేస్తే దాని గరిష్ఠ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6. ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదన్నమాట. షట్టర్ వేగం సెకనులో 1/60 వంతు దగ్గర పెడితే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6400 దాకా వెళ్లాల్సి వస్తుందనుకోండి. డ్యాన్స్ చేసేవాళ్ల చేతులు సాగిపోయినట్టు వస్తాయి, నీడల్లో చుక్కలు చుక్కలుగా గరగర కనిపిస్తుంది. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలిస్తే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. షట్టర్‌ని 1/250కి పెంచినా ఐఎస్ఓ 3200 లోపే సరిపోతుంది. కదలిక ఆగుతుంది, గరగరా తగ్గుతుంది. బాడీని ఒక తరం కొత్తది కొంటే ఇంత తేడా రాదు.

కెనాన్ తీసుకుంటే 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం సులువుగా దొరుకుతుంది. 2015లో వచ్చిన లెన్స్ ఇది. దీని మౌంట్ (బాడీకి బిగుసుకునే వెనుక వలయం) లోహం, ఇంతకుముందున్న 50 ఎంఎం ఎఫ్/1.8 రెండో (II) వెర్షన్‌ది ప్లాస్టిక్. బేరంలో ఈ రెండూ కలిసిపోతాయి, వెనక్కి తిప్పి చూసి ఎస్‌టీఎమ్మే తీసుకోండి. ఒక చిక్కు ఉంది. కెనాన్ ఏపీఎస్-సీ సెన్సర్ (ఇక్కడ చెప్పే బాడీల్లోని చిన్న సైజుది) మీద 50 ఎంఎం అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సైజు సెన్సర్) లెక్కలో 80 ఎంఎం, అంటే ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. ముఖాలకు బాగుంటుంది, హాస్టల్ గదిలో నలుగురిని ఒక ఫ్రేములో ఇరికించలేరు. అలాంటివి ఎక్కువ తీసేవాళ్లకు 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం మేలు. నికాన్ వైపు వెళ్తే 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 52 ఎంఎం దగ్గరికి వస్తుంది, మనిషికీ వీధికీ రెండింటికీ పనికొస్తుంది. విద్యార్థికి ఒకే ప్రైమ్ కొనే వీలుంటే మా ఓటు దానికే.

ఇక బాడీలు. ఫొటోలే ప్రధానమైతే నికాన్ డి5300 గానీ డి3300 గానీ చాలు. రెండూ 24 మెగాపిక్సెల్. డి5300 స్క్రీన్ పక్కకు తెరుచుకుని తిరుగుతుంది, ఫోకస్ పాయింట్లు 39. డి3300లో అవి 11 మాత్రమే. వీడియో కూడా కావాలంటే కెనాన్ 200డి చూడండి. డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ వల్ల వీడియోలో ముఖాన్ని వదలకుండా పట్టుకుంటుంది. పైన చెప్పిన నికాన్లు లైవ్ వ్యూలో (స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంటాయి. 200డి మార్క్ టూ దొరికినా మంచిదే, కానీ దాని ఫ్లాష్ షూలో (పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్య పిన్ను లేదు. చవక మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు దానిమీద వెలగవు. కెనాన్ 3000డి మాత్రం వద్దు. మౌంట్ ప్లాస్టిక్, కళ్లద్దాల పవర్‌కి తగ్గట్టు వ్యూఫైండర్‌ని సర్దుకునే చక్రం లేదు, బయటి మైక్ పెట్టుకునే రంధ్రం లేదు. 1500డికీ మైక్ రంధ్రం లేదు. నికాన్‌లో డి3200, డి3300లకు ఉంది, ఆ తర్వాతి డి3400, డి3500లకు తీసేశారు. మోడల్ నంబరు పెరిగితే సౌకర్యాలూ పెరుగుతాయని లెక్కేస్తే ఇలాంటి చోటే దెబ్బ తగులుతుంది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మంచిదే. కానీ ఈ బడ్జెట్‌లో బాడీ కొన్నాక లెన్స్‌కి డబ్బు మిగలదు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కి మారిపోతూ పాత డీఎస్ఎల్ఆర్‌లు (పైన చెప్పినలాంటి అద్దమున్న కెమెరాలు), వాటి లెన్సులు అమ్మేస్తున్నారు. మీకు కావాల్సిందీ అవే.

నికాన్ కొనేవాళ్లకు రెండు గోతులున్నాయి. డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. 50 ఎంఎం ఎఫ్/1.8డి చవగ్గా వస్తోందని కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉండాలి. ఆ ఏఎఫ్-పి దగ్గరే రెండో గొయ్యి. డి5300, డి3300లలో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తేనే అది ఫోకస్ అవుతుంది. డి3200, డి5100లలో అసలు కాదు. మోటారున్న బాడీ కావాలంటే డి7000, డి7100. బరువెక్కువ, కానీ పాత చవక లెన్సులన్నీ పనిచేస్తాయి.

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు షాపులో చూసినా, ఫోన్ యాప్‌లో అమ్మేవాడింటికి వెళ్లినా, పగటిపూటే వెళ్లండి. ఫోన్ టార్చి, ఖాళీ కార్డు, వీలైతే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. మొదట లెన్స్ ఊడదీయండి. వెనుక అద్దం వైపు నుంచి టార్చిని నేరుగా కాకుండా ఏటవాలుగా వేసి, ముందు అద్దంలోంచి చూడండి. తర్వాత తిరగేసి అదే పని. నికాన్ జి లెన్సులు బాడీనుంచి తీయగానే అపర్చర్ మూసుకుంటాయి. మౌంట్ దగ్గరున్న చిన్న మీటను వేలితో పక్కకు జరిపి పట్టుకుంటేనే లోపలి అద్దాలు కనిపిస్తాయి. కెనాన్ లెన్సులు తెరిచే ఉంటాయి. నాలుగు ధూళి రేణువులు కనిపిస్తే పట్టించుకోవద్దు, ఫొటోలో రావు. అద్దం అంచునుంచి సాలెగూడు దారాల్లా తెల్లటి పోగులు లోపలికి పాకుతుంటే అది ఫంగస్. పొగ పట్టినట్టు మసకగా పొర ఉన్నా వదిలేయండి. "కొంచెమే, ఫొటోలో పడదు" అంటారు. ఇవాళ పడదేమో. కానీ ఫంగస్ విడుదల చేసే ఆమ్లం అద్దం కోటింగ్‌ని తింటుంది, తుడిచాక కూడా ఆ మచ్చ మిగిలిపోతుంది.

తర్వాత ఉప్పు జాడలు వెతకండి. బాడీ అడుగున ట్రైపాడ్ స్క్రూ రంధ్రం, పైన ఫ్లాష్ షూ, అంచుల్లోని బుల్లి స్క్రూలు, బ్యాటరీ గదిలోని కాంటాక్టులు. తుప్పు రంగో, తెల్లటి పొడో, పచ్చటి చిలుమో కనిపిస్తే ఆ కెమెరా బీచ్‌లో తడిసి ఉండొచ్చు. లోపలి సర్క్యూట్ ఎలా ఉందో బయటినుంచి తెలియదు కాబట్టి సగం ధరకిచ్చినా వద్దు.

ఇక సెన్సర్. ఎఫ్/16 పెట్టి, ఫోకస్‌ని చేత్తో అనంతానికి తిప్పి, తెల్లగోడకు దగ్గరగా వెళ్లి ఒక ఫొటో తీయండి. పెద్దది చేసి మూలమూలా చూడండి. మసక చుక్కలు ఒకటీ అరా ఉంటే బ్లోయర్‌తో పోవచ్చు, పక్కాగా గీతలా ఉంటే అది సెన్సర్ మీది గీత కావచ్చు. తర్వాత ఆకాశాన్ని 1/4000 వేగంతో తీయండి. ఫ్రేములో ఒక పక్క నల్లటి పట్టీ వస్తే షట్టర్ అలసిపోయిందన్నమాట. లెన్స్ మూత పెట్టి పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే చెడిన పిక్సెళ్లు ఎర్రగా, నీలంగా మెరుస్తాయి. చివరగా దగ్గరి వస్తువు, దూరపు వస్తువు మార్చి మార్చి ఫోకస్ చేస్తూ చెవి పెట్టండి. కిర్రుమన్నా, దారిలో ఆగిపోయినా లెన్స్ మోటారు పోయే దశలో ఉంది.

ఎన్ని క్లిక్కులు కొట్టిందన్నది నికాన్‌లో తేలిక. అప్పుడే తీసిన ఒరిజినల్ జేపెగ్‌ని కార్డులో తెచ్చి ఎక్సిఫ్‌టూల్‌లో (ఫొటో ఫైల్లో దాగిన వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిస్తే షట్టర్ కౌంట్ కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఆ వివరాలు పోతాయి. ఈ తరగతి కెనాన్లలో ఫైల్లో ఆ సంఖ్య ఉండదు, యూఎస్‌బీ తీగతో సాఫ్ట్‌వేర్‌కి కలిపి చదవాలి. ఫైలు పేరులోని నంబరు చూపించి "మూడు వేలే కొట్టాం" అంటే నమ్మకండి, అది 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. ఒక పెళ్లిలోనే వేల క్లిక్కులు పడతాయి. ఈ తరగతి బాడీలకు లక్ష దరిదాపుల్లో షట్టర్ ఆయుష్షు అనుకుని, 40 వేలు దాటితే ధర గట్టిగా తగ్గించమనండి. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ ముహూర్తాలుండవు. పెళ్లి ఫొటోగ్రాఫర్లకు తీరిక దొరికేది అప్పుడే, మీరు గంటసేపు పరీక్షించినా విసుక్కోరు. బిల్లు అడిగి, దానిమీది సీరియల్ నంబరు బాడీ అడుగునున్నదానితో సరిపోయిందో లేదో చూడండి.

కొన్న రోజే డబ్బా సిద్ధంగా ఉండాలి. వంటింటి సామాన్ల షాపుల్లో మూత చుట్టూ రబ్బరు ఉండి, క్లిప్పులతో బిగుసుకునే పది లీటర్ల డబ్బా చాలు. అందులో 250 గ్రాముల సిలికా జెల్, పల్చటి గుడ్డ సంచిలో కట్టి వేయండి. నారింజ రంగు రకం అడగండి, తేమ పీల్చాక ఆకుపచ్చగా మారుతుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో వేడిచేయడానికి మంచిది కాదు. తేమ మీటరు లోపల పెట్టండి. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి రోజులు గడిస్తే ఫంగస్ మొలుస్తుంది. మన ఊళ్లో ఏ కాలమైనా బయటి తేమ ఆ గీత పైనే తిరుగుతుంది. అలాగని 30 కిందికి దించకండి, రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. గింజల రంగు మారగానే వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద కలుపుతూ వేడిచేస్తే రంగు తిరిగొస్తుంది. సెగ ఎక్కువైతే గింజలు మాడి పనికిరాకుండా పోతాయి. బియ్యం వద్దు, పిండి రాలుతుంది. కలరా ఉండలు అసలే వద్దు, ఆ ఆవిరి అద్దాలమీద పేరుకుంటుంది. కెమెరాని బ్యాగులోనే పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చీకటి, కదలని గాలి, తేమ పీల్చిన స్పాంజి, ఫంగస్‌కి ఇంకేం కావాలి?

ఏసీ గదిలోంచి నేరుగా ఆర్కే బీచ్‌కి వెళ్లి బ్యాగు తెరిస్తే చల్లటి అద్దం మీద నీటి పొర కమ్ముకుంటుంది. బయటికి వచ్చాక అరగంట బ్యాగు జిప్పు తీయకుండా ఉంచండి. ఒకవేళ కమ్మితే తుడవొద్దు, లెన్స్ ఊడదీయొద్దు, దానంతటదే ఆరనివ్వండి. ఇసుకలో లెన్స్ మార్చకండి, ఏది కావాలో రోడ్డు మీదే తేల్చుకుని తగిలించండి. బీచ్‌కి మాత్రం యూవీ ఫిల్టర్ వాడండి, ఉప్పు తుంపర అద్దానికి బదులు దానిమీద పడుతుంది. 50 ఎస్‌టీఎంకి 49 ఎంఎం, నికాన్ 35కి 52 ఎంఎం సైజు. ఇంటికొచ్చాక మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడిచి, పొడిగుడ్డతో మరోసారి తుడిచి, ఫ్యాను గాలికి గంట ఆరబెట్టి డబ్బాలో పెట్టండి. ఒకమాట, నేవీ స్థావరాల వైపు, విమానాశ్రయం వైపు కెమెరా ఎత్తకండి, అక్కడ ఫొటోలు నిషేధం.

కార్డు 128 ఒకటి కొనే బదులు 32 జీబీవి రెండు కొనండి, ఒకటి చెడినా రెండోది ఉంటుంది. కొన్నాక కంప్యూటర్లో దాన్ని పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడండి. నకిలీ కార్డులు పైన రాసిన సైజు చూపిస్తాయి, సగం నిండగానే ఫైళ్లు చెడిపోతాయి.

నెలకోసారి లెన్సులు తీసి అదే టార్చి పరీక్ష చేయండి. అంచున చిన్న పోగు కనిపిస్తే వెంటనే మిగతా లెన్సుల నుంచి వేరే డబ్బాలోకి మార్చండి. ముందు అద్దం పైభాగానే ఉంటే లెన్స్ క్లీనర్‌తో మీరే తుడవచ్చు. లోపలైతే మెకానిక్ విప్పాలి. కిట్ లెన్స్‌కి ఆ ఖర్చు పెట్టకండి, అదే డబ్బుకి దాదాపు ఇంకొకటి వస్తుంది. ప్రైమ్‌కైతే ఆలస్యం చేయకుండా చేయించండి, కోటింగ్ పోకముందు తీసిన ఫంగస్ మచ్చ మిగల్చదు.